పార్కిన్సన్స్ ఉన్న మనిషిని ఇంట్లో చూసుకోవడం ఎలా: గడియారం నుంచి గడప దాకా

మా నాన్న ఆర్టీసీలో కండక్టరుగా చేరి, బస్టాండులో కంట్రోలరుగా రిటైరయ్యారు. పార్కిన్సన్స్ వచ్చి తొమ్మిదేళ్లు. మందు పనిచేస్తున్న వేళని ఆయన "బండి ప్లాట్‌ఫారం మీదుంది" అంటారు. మందు దిగిపోతే "బండి డిపోకెళ్లింది" అంటారు. మొదట్లో నవ్వుకునేవాళ్లం. రెండేళ్లు పోయాక తెలిసింది, ఈ జబ్బు గురించి మేం విన్న మాటలన్నిట్లోకీ బాగా పనికొచ్చింది అదేనని. పొద్దున ఏడింటికి చొక్కా గుండీ పెట్టుకోలేని మనిషి తొమ్మిదింటికి మేడ మెట్లెక్కి రావచ్చు. "ఇందాక బాగానే నడిచావుగా, ఇప్పుడేమైంది?" అని విసుక్కోవడం ప్రతి ఇంట్లోనూ జరుగుతుంది, మా ఇంట్లోనూ జరిగింది. అది బద్ధకమూ కాదు, నటనా కాదు. బండి డిపోకెళ్లింది, అంతే.

ఇది ఇంట్లో చూసుకునేవాళ్ల కోసం రాస్తున్నాను. మోతాదులు డాక్టరు చూసుకుంటారు. ఆ మోతాదు ఇంట్లో సరిగ్గా పనిచేయాలంటే మనం ఏం చేయాలో చెబుతాను.

ముందు ఒక పట్టిక రాయండి

మెదడులో డోపమైన్ అనే, కదలికల్ని నడిపే రసాయనాన్ని తయారుచేసే కణాలు క్రమంగా పోతుండటం వల్ల ఈ జబ్బు వస్తుంది. మనం వేసే మాత్రలో లెవోడోపా ఉంటుంది, అది మెదడులోకి వెళ్లి డోపమైన్‌గా మారుతుంది. పక్కనే ఉండే కార్బిడోపా, లెవోడోపా దారిలోనే ఖర్చైపోకుండా కాపాడుతుంది. మన మందుల షాపుల్లో సిండోపా, టైడోమెట్ పేర్లతో దొరికేవి ఇవే. జబ్బు కొత్తలో రోజుకి మూడు మాత్రలతో రోజంతా సాఫీగా గడిచిపోతుంది. కొన్నేళ్లకి ఒక్కో మాత్ర మూడు నాలుగు గంటలకే దిగిపోవడం మొదలవుతుంది. అప్పటి నుంచి పట్టిక అవసరం.

ఒక రూళ్ల నోటుబుక్కు తీసుకోండి. పొద్దున ఐదు నుంచి రాత్రి పది దాకా గంటకో వరస. మాత్ర వేసిన టైము, తిన్న టైము, ఏం తిన్నారో, ఆ గంటలో మనిషి ఎలా ఉన్నారో రాయాలి. దీనికి మేం మూడు గుర్తులు పెట్టుకున్నాం: "బా" అంటే బాగున్నారు, "బి" అంటే బిగుసుకుపోయారు లేదా వణుకుతున్నారు, "ఊ" అంటే ఊగుతున్నారు. డాక్టరు దగ్గరికి వెళ్లే ముందు ఓ నాలుగైదు రోజులు రాస్తే చాలు. ఏడాది పొడుగునా రాయమంటే ఎవరూ రాయరు.

ఆ చివరి రెండు గుర్తుల మధ్య తేడా బాగా తెలుసుకోండి. మందు చాలనప్పుడు వచ్చే వణుకు ఒకే లయలో ఉంటుంది, ఎక్కువగా చెయ్యి ఊరికే ఒళ్లో పెట్టుకున్నప్పుడు కనిపిస్తుంది, బొటనవేలూ చూపుడువేలూ మాత్ర నలుపుతున్నట్టు కదులుతాయి. మందు మోతాదు శిఖరానికి వెళ్లినప్పుడు వచ్చేది వేరు. మెడ, భుజాలు, కాళ్లు మెలికలు తిరుగుతూ ఊగుతాయి, దానికి లయ ఉండదు. మనం రెండింటినీ కలిపి "వణుకు ఎక్కువైంది సార్" అని చెప్పేస్తాం. ఊగుడుని వణుకని చెబితే మోతాదు పెంచే ప్రమాదముంది, అప్పుడు ఊగుడు ఇంకా పెరుగుతుంది. మాటల్లో చెప్పడం కష్టమైతే ఫోన్లో అర నిమిషం వీడియో తీసి, మాత్ర వేసిన ఎంతసేపటికి తీసిందో చెప్పండి. గదిలో డాక్టరు చూసే పది నిమిషాలు చాలావరకు "బా" వేళే అయి ఉంటుంది. ఆసుపత్రికి వెళ్తున్నామని మనవాళ్లు మాత్ర వేసుకుని, తల దువ్వుకుని మరీ బయల్దేరతారు కదా.

మాత్రకీ తిండికీ ఎడం పెట్టండి

లెవోడోపా పేగులోంచి రక్తంలోకి, రక్తంలోంచి మెదడులోకి వెళ్లే దారిలోనే మాంసకృత్తుల ముక్కలూ వెళ్తాయి. రెండూ ఒకేసారి వస్తే మందు వెనకబడుతుంది. అందుకే మాత్ర తిండికి అరగంట నుంచి గంట ముందు, లేదా తిన్న గంటన్నర రెండు గంటల తర్వాత, మంచినీళ్లతో వేయాలి. పాలతో వద్దు. ఓపిక రావాలని హార్లిక్సులోనో ప్రోటీన్ పౌడరు కలిపిన పాలలోనో మాత్ర వేసేవాళ్లున్నారు. అది ఆ మాత్రకి మనమే అడ్డం నిలబడటం.

మా ఇంట్లో ఇది బయటపడింది పెసరట్టు వల్ల. పట్టిక రాస్తున్న రెండో ఆదివారం చూస్తే, రెండు ఆదివారాలూ పది నుంచి ఒంటిగంట దాకా వరసగా "బి". మిగతా రోజుల్లో ఆ వేళ "బా" ఉంది. ఆదివారం అమ్మ పెసరట్లు వేస్తుంది, నాన్న మూడు తిని మీదనే మాత్ర వేసుకుంటారు. పెసరట్టు మానలేదు. మాత్ర ఏడున్నరకి, అట్టు ఎనిమిదిన్నరకి అయింది.

మాంసకృత్తులు పూర్తిగా తగ్గించేయకండి, మనిషి నీరసించి కండ కరిగిపోతుంది. తిండి వల్ల మందు దెబ్బతింటోందని పట్టికలో స్పష్టంగా కనిపిస్తేనే పప్పు, గుడ్డు, మాంసం, చేపల్లో ఎక్కువ భాగాన్ని రాత్రి భోజనానికి జరపవచ్చు. కొత్తలో ఉత్త కడుపున వేస్తే కొందరికి వికారం వస్తుంది. అప్పుడు గుప్పెడు మరమరాలో రెండు బిస్కెట్లో తిని వేసుకోవచ్చు. ఐరన్ మాత్ర ఉంటే దానికీ దీనికీ కనీసం రెండు గంటల ఎడం కావాలి.

ఇక పొద్దున మొదటి మాత్ర. అది మంచం పక్కనే, మూత తీసిన డబ్బాలో, నీళ్ల గ్లాసుతో రాత్రే సిద్ధంగా ఉండాలి. ఐదున్నరకి వేసుకుని అలాగే పడుకుంటే ఆరుంబావుకి లేవడానికి ఒళ్లు సాయం చేస్తుంది. కాఫీ ఆ తర్వాతే. స్నానం, గడ్డం గీసుకోవడం, నడక, బ్యాంకు పని, చుట్టాలతో ఫోను, అన్నీ "బా" గంటల్లోకి సర్దండి. పట్టిక రాసేది ఇందుకే.

మాత్ర మరిచిపోతే తర్వాతి వేళకి రెండు కలిపి వేయకండి. ఉన్నట్టుండి మొత్తం మానేయడం మాత్రం ప్రమాదం: ఒళ్లు కొయ్యబారి, జ్వరం ముంచుకొచ్చి, స్పృహ తప్పి ప్రాణం మీదికి రావచ్చు. పెళ్లికో తీర్థయాత్రకో వెళ్తే కావలసినదానికి వారం రోజుల మందు ఎక్కువ పెట్టుకోండి. షాపులో పేరు ఒకటే చూసి తెచ్చుకోకండి, అంకె కూడా చూడాలి. సిండోపా 110లో లెవోడోపా 100 మిల్లీగ్రాములు, 275లో 250. పేరు పక్కన "సీఆర్" అని ఉంటే అది మెల్లగా కరిగే రకం, దాన్ని నమలకూడదు, పొడి చేయకూడదు.

మిగతా డాక్టర్ల చీటీలు చూసుకోండి

ఈ భాగం నిదానంగా చదవండి. మా అనుభవంలో అన్నిటికన్నా ఎక్కువ నష్టం ఇక్కడే జరిగింది.

నాలుగో ఏట నాన్నకి కడుపుబ్బరం. దగ్గర్లో చూపిస్తే పరగడుపున వేసుకోమని గ్యాస్ గొట్టం మాత్ర రాశారు. ఉబ్బరం తగ్గింది. నెలన్నర తిరిగేసరికి నాన్న అడుగులు గడ్డకట్టుకుపోయాయి, రాత్రి మంచంలో పక్కకి తిరగలేకపోయారు. జబ్బు ముదిరిందనుకున్నాం. నరాల డాక్టరు దగ్గరికి వెళ్లి, తెచ్చుకున్న మందులన్నీ బల్ల మీద కుమ్మరిస్తే ఆయన ఆ గ్యాస్ మాత్ర అట్ట ఒక్కటి పక్కకి తీసి పెట్టారు. అందులో రాబెప్రజోల్‌తో పాటు లెవోసల్పిరైడ్ ఉంది. అది డోపమైన్ పనిని అడ్డుకునే మందు. మేం లెవోడోపాతో ఎక్కిస్తున్నదాన్ని అది పక్కనుంచి ఆపుతోంది. మానేశాక పాత నడక రావడానికి చాలా వారాలు పట్టింది. అసలు జబ్బే లేనివాళ్లకి కూడా ఈ మందు నెలల తరబడి వాడితే పార్కిన్సన్స్ లక్షణాలు రావచ్చు.

అందుకని ఒక అట్టముక్క మీద ఈ పేర్లు రాసి చీటీల సంచిలో పెట్టుకోండి: లెవోసల్పిరైడ్, మెటోక్లోప్రమైడ్ (పెరినార్మ్), ప్రోక్లోర్‌పెరజైన్ (స్టెమెటిల్), సినరిజైన్ (స్టుజెరాన్), ఫ్లునరిజైన్, హాలోపెరిడాల్. గ్యాసుకి, వాంతులకి, కళ్లు తిరగడానికి, తలనొప్పికి, రాత్రి కలవరింతలకి ఇవి మామూలుగా రాసేస్తుంటారు. ఏ డాక్టరు దగ్గర కూర్చున్నా మొదటి మాటగా "మా నాన్నకి పార్కిన్సన్స్ అండీ, ఈ మందులు పడవు" అని అట్ట చూపించండి. మొహమాటపడకండి. వేరే మందులుంటాయి, వాళ్లే రాస్తారు.

దూలగొండి గింజల పొడి గురించి కూడా ఇక్కడే చెప్పాలి. అది ఉత్తి నమ్మకం కాదు, ఆ గింజల్లో నిజంగానే లెవోడోపా ఉంటుంది. చిక్కు కూడా అక్కడే ఉంది. చెంచాలో ఎంత మందు వెళ్తోందో తెలియకుండా మాత్రల మీద అది కూడా వేస్తే పట్టిక మొత్తం తారుమారవుతుంది. వాడాలనుంటే డాక్టరుకి చెప్పి వాడండి, దాచి మాత్రం వాడకండి.

పార్కిన్సన్స్‌కే ఇచ్చే ప్రమిపెక్సోల్, రోపినిరోల్ లాంటి మందులు వాడుతున్నప్పుడు ఇంకో కన్నేసి ఉంచాలి. కొందరిలో ఆపుకోలేని కోరికలు పుడతాయి: ఫోన్లో రమ్మీ, అర్ధరాత్రి ఆన్‌లైన్ కొనుగోళ్లు, తిండియావ, లైంగిక కోరిక. జీవితమంతా పైసా పైసా కూడబెట్టిన మనిషి ఇలా మారితే ఇంట్లో గొడవలవుతాయి గానీ మందు మీదికి ఎవరి దృష్టీ పోదు. సిగ్గుపడకుండా డాక్టరుకి చెప్పండి, మోతాదు తగ్గిస్తే చాలామందిలో తగ్గుతుంది.

కాళ్లు అతుక్కుపోయినప్పుడు

వంటింటి గడప దగ్గర నాన్న కాళ్లు నేలకి అతుక్కుపోతాయి. నడుము ముందుకెళ్తుంది, పాదాలు అక్కడే ఉంటాయి, మడమలు లేచి టకటకమని కొట్టుకుంటాయి. మనం చేసే మొదటి తప్పు చెయ్యి పట్టి లాగడం. లాగితే నడుము ఇంకా ముందుకొచ్చి మనిషి బోర్లా పడతారు. రెండో తప్పు "నడువు, నడువు" అని తొందరపెట్టడం.

ఇలా చేయండి. ముందు ఆగమనండి. నిజంగానే ఆగాలి, నిటారుగా నిలబడి ఒక్కసారి ఊపిరి తీసుకోవాలి. తర్వాత బరువుని ఎడమ కాలి మీదికి, కుడి కాలి మీదికి మెల్లగా రెండుసార్లు మార్చాలి. ఇప్పుడు ఒక లయ ఇవ్వాలి. "ఒకటి, రెండు" అనవచ్చు, తాళం వేయవచ్చు. మా నాన్నకి పనిచేసేది మాత్రం "రైట్... రైట్!" ఇరవై ఏళ్లు ఫుట్‌బోర్డు మీద నిలబడి ఆయన అరిచిన మాటే. అమ్మ పొయ్యి దగ్గర నుంచే రైట్ రైట్ అంటుంది, బండి కదులుతుంది. తనంతట తాను మొదలుకాని అడుగు బయటి నుంచి గుర్తు అందితే లేస్తుంది. చాలామందిలో చూస్తాం దీన్ని: చదునైన వరండాలో ఆగిపోయేవాళ్లు మెట్లు గబగబా ఎక్కేస్తారు, ప్రతి మెట్టూ కంటికి ఒక గుర్తు కాబట్టి.

అదే కిటుకుని నేల మీద వాడుకోండి. ఆగిపోయే చోట తెల్ల టేపు ముక్కలు అడ్డంగా, ఒక్కో అడుగు దూరంలో అతికించి, ఆ గీత దాటేలా అడుగు వేయమనండి. తిరగాల్సి వస్తే నిలబడిన చోటే గిర్రున తిరగొద్దు. బస్సు మలుపు తీసుకున్నట్టు వెడల్పుగా తిరగాలి. నడుస్తున్నప్పుడు చేతిలో కాఫీ గ్లాసు వద్దు, మాటలు కూడా వద్దు. మాట్లాడాలంటే ఆగి మాట్లాడాలి. ఫోను మోగితే పరుగున వెళ్లడం అలవాటైన మనిషికి ఫోను జేబులోనే పెట్టేయండి.

ఇంట్లో మార్చాల్సినవి పెద్ద ఖర్చేం కాదు. గుమ్మం దగ్గరి కాళ్లపట్టా తీసేయండి. హవాయి చెప్పుల బదులు మడమ పట్టీ ఉన్నవి కొనండి. లుంగీ కాళ్లకి చుట్టుకుంటుంది, పైజమా నయం. ఆడవాళ్లకైతే జాకెట్ హుక్సు తీసి వెల్క్రో కుట్టించండి. బాత్రూములో మాత్రం ఖర్చు పెట్టాల్సిందే: కుర్చీలాంటి కమోడు, పక్క గోడకి కడ్డీ, కూర్చుని పోసుకోవడానికి జారని ప్లాస్టిక్ స్టూలు. తువ్వాలు వేసే కడ్డీ మనిషి బరువు ఆపదు, దాన్నే పట్టుకుని పడ్డవాళ్లున్నారు.

లేచి నిలబడగానే కళ్లు తిరుగుతున్నాయంటే బీపీ పడిపోతోందేమో చూడాలి. ఐదు నిమిషాలు పడుకోబెట్టి ఒకసారి, నిలబెట్టిన ఒక నిమిషానికి, మూడు నిమిషాలకి మళ్లీ చూడండి. పై అంకె 20 గానీ కింది అంకె 10 గానీ తగ్గితే రాసుకెళ్లి డాక్టరుకి చూపించండి. బీపీ మాత్ర కూడా వాడుతుంటే ఇది మరీ ముఖ్యం.

వ్యాయామం గురించి వాదన లేదు, రోజూ ఉండాలి. నడక, కూర్చుని తొక్కే సైకిలు, నాట్యం, ఏదైనా సరే, కాస్త ఆయాసం వచ్చేలా, "బా" వేళలో. అడుగు పెద్దది, చెయ్యి ఊపు పెద్దది, ఈ రెండూ గుర్తుచేస్తూ ఉండండి.

మింగడం, మాట, సంతకం

మజ్జిగన్నం తేలిగ్గా దిగుతుందని మన నమ్మకం. పార్కిన్సన్స్‌లో అదే కష్టం. పల్చటి మజ్జిగ ముందు జారి గొంతులోకి పోతుంది, మెతుకు నోట్లోనే ఉండిపోతుంది, పొలమారుతుంది. చారన్నమూ అంతే. గట్టి పెరుగన్నం, మెత్తగా కలిపిన పప్పన్నం, ఉప్మా లాంటి ఒకే తీరు ముద్ద నయం. నిటారుగా కూర్చోవాలి, గడ్డం కొంచెం కిందికి దించి మింగాలి, ముద్దకీ ముద్దకీ మధ్య టైమివ్వాలి, తిన్నాక అరగంట పడుకోకూడదు. తినేటప్పుడు టీవీ కట్టేయండి. తిన్న తర్వాత గొంతు తడితడిగా గురగురమంటున్నా, తరచూ దగ్గు వస్తున్నా, కారణం లేకుండా జ్వరం వచ్చినా ఊరుకోకండి. తిండి ఊపిరితిత్తుల్లోకి పోయి న్యుమోనియా వస్తుంది.

మాట సన్నగిల్లడం వాళ్లకి తెలియదు. తాము గట్టిగానే మాట్లాడుతున్నామనుకుంటారు, మనకే చెవుడు అనుకుంటారు. రోజూ "ఆ..." అని ఊపిరి ఉన్నంతసేపు గట్టిగా పలికించండి, పది సార్లు. తర్వాత వేమన పద్యాలో, పేపరు హెడ్డింగులో పక్క గదిలోకి వినపడేలా చదివించండి. దగ్గర్లో స్పీచ్ థెరపిస్టు ఉంటే తప్పకుండా వెళ్లండి.

అక్షరాలు చీమల్లా చిన్నవైపోతాయి, సంతకం కలవదు. బ్యాంకు ఖాతాని ఇద్దరిలో ఎవరైనా తీసుకునే జాయింటు ఖాతాగా ముందే మార్పించండి. సంతకం పూర్తిగా పోయాక కౌంటరు దగ్గర పడే పాట్లు చెప్పలేం. పింఛనుదారులైతే జీవన ప్రమాణ పత్రం ముఖం చూపించి ఫోన్లోనే ఇవ్వవచ్చు, వణికే వేలితో కుస్తీ అక్కర్లేదు.

ముఖం కూడా బిగుసుకుపోతుంది. పలకరించినా నవ్వడం లేదని చుట్టాలు నొచ్చుకుంటారు. వాళ్లకి ముందే చెప్పి ఉంచండి.

రాత్రిళ్లు

మలబద్ధకం ఈ జబ్బులో భాగమే, కొందరిలో వణుకు కన్నా ఏళ్ల ముందే మొదలవుతుంది. నీళ్లు, కూరగాయలు, ఇసబ్‌గోల్, అవీ చాలకపోతే డాక్టరు రాసిన మందు. కడుపు కదలకపోతే లెవోడోపా కూడా ఆలస్యంగా ఎక్కుతుంది.

నిద్రలో కేకలు, తన్నులు ఉంటే మంచాన్ని గోడకి జరపండి, పక్కన గాజు వస్తువులుంచకండి, డాక్టరుకి చెప్పండి. పక్కకి తిరగడం కష్టమైతే నడుము కింద నున్నటి శాటిన్ గుడ్డ పరిస్తే జారడం తేలిక.

ఒక రాత్రి నాన్న "ఆ మూల పిల్లలు కూర్చున్నారు, వాళ్లకి టికెట్ కొట్టలేదు" అన్నారు. అక్కడెవరూ లేరు. వాదించకండి, భయపెట్టకండి. లైటు వేసి, "నేను చూసుకుంటాలే" అని పక్కన కూర్చోండి. తెల్లారగానే డాక్టరుకి ఫోన్ చేయండి. పెద్దవాళ్లలో వణుకుకి ఇచ్చే పాసిటేన్ లాంటి మందుల వల్ల, ఊగుడుకి ఇచ్చే అమాంటడిన్ వల్ల ఇలా జరగవచ్చు. ఒకటి రెండు రోజుల్లోనే మనిషి ఉన్నట్టుండి దిగజారితే మూత్రంలో ఇన్‌ఫెక్షన్ ఉందేమో పరీక్ష చేయించండి. జబ్బు అంత తొందరగా ముదరదు.

కాగితాలు, ఆపరేషన్, ఆసుపత్రి సంచి

2016 వికలాంగుల హక్కుల చట్టంలో పార్కిన్సన్స్ కూడా ఉంది. సదరం శిబిరంలో వైకల్యం 40 శాతం, ఆపైన తేలితే ప్రభుత్వ సాయాలకి దరఖాస్తు చేసుకోవచ్చు. అక్కడికి మాత్రం తల దువ్వుకుని "బా" వేళలోనే వెళ్తే ఎలా? పట్టిక, వీడియోలు తీసుకెళ్లండి, "బి" వేళ ఎలా ఉంటుందో వాళ్లకీ తెలియాలి.

మెదడులో తీగలు పెట్టే డీబీఎస్ ఆపరేషన్ గురించి అందరూ అడుగుతారు. హైదరాబాద్ నిమ్స్‌లో చేస్తారు. అది జబ్బుని పోగొట్టదు. లెవోడోపాకి బాగా లొంగుతూ, "బి"కీ "ఊ"కీ మధ్య ఊగిసలాడేవాళ్లకి బాగా పనికొస్తుంది. మందు పూర్తిగా ఎక్కినప్పుడు కూడా పడిపోతున్నవాళ్లకి, మతిమరుపు ముదిరినవాళ్లకి సాధారణంగా వద్దంటారు.

వేరే జబ్బుతో ఆసుపత్రిలో చేరాల్సి వచ్చే రోజు కోసం ఒక సంచి తలుపు వెనక తగిలించి ఉంచండి. అందులో పది రోజుల మాత్రలు అట్టలతో సహా, పడని మందుల అట్టముక్క, మాత్రల వేళల కాగితం రెండు కాపీలు. వార్డులో మందులు వాళ్ల రౌండు ప్రకారం ఇస్తారు, ఎనిమిదింటి మాత్ర పదింటికి రావచ్చు. ఒక కాపీ కేసుషీటుకి పిన్ను చేయమనండి, ఇంకోటి మంచం తల దగ్గర అతికించండి. ఆపరేషన్ ఉండి ఏమీ తాగకూడదన్నారంటే "లెవోడోపా సంగతేమిటి?" అని మత్తు డాక్టరుని ముందురోజే అడగండి. నర్సమ్మల డ్యూటీ మారిన ప్రతిసారీ మళ్లీ మొదటి నుంచి చెప్పాలి. మా నాన్నే చెప్పుకుంటారు ఇప్పుడు, మంచం మీద నుంచే, గొంతు పెంచి: "సిస్టర్, మన బండి ఆరింటికి. లేటయితే ఇక ఈ పూటకి లేనట్టే."